మొదటి సిట్టింగ్

మన సినిమాల్లో మనసు డాక్టరుగారి గది ఎలా వుంటుందో మీకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. గోడమీద మెదడు బొమ్మ. మధ్యలో పొడుగాటి సోఫా. దానిమీద వెల్లకిలా హీరోయిను. తలాపున గడ్డం డాక్టరుగారు. ఆయన "నిద్రపో... నిద్రపో..." అనడం తరువాయి, ఫ్లాష్‌బ్యాక్ మొదలు! రెండు రీళ్ళలో చిన్ననాటి ఘోరం బయటపడుతుంది, మూడో రీల్లో జబ్బు మాయం, నాలుగో రీల్లో పెళ్ళి. నిర్మాతగారి దగ్గర ఇంకాస్త డబ్బుంటే మధ్యలో ఒక కరెంటు షాకు కూడా.

థియేటర్లో కూచుని నవ్వుకోడానికి బాగానే వుంటుంది. కానీ పదిహేను రోజుల కిందట వచ్చిన ఒక ఉత్తరం చదివాక నాకు నవ్వు రాలేదు.

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలామటుకు 'ఫలానా హీరో తదుపరి చిత్రం ఏది', 'ఫలానా తార అసలు వయసెంత' అనే బాపతే. ఇది వేరు. జగిత్యాల వైపు నుంచి ఒక సోదరి రాసింది. పేరు వేయొద్దంది, వేయను. ప్రైవేటు బళ్ళో టీచరు. ఎనిమిది నెలలుగా సరిగ్గా నిద్ర లేదట. అన్నం సయించడం లేదు. పిల్లల మీద ఊరికే అరవడం, ఆ తర్వాత బాత్రూములో కూచుని ఏడవడం. మేనత్త కూతురు పుణ్యమా అని కరీంనగర్‌లో ఒకచోట కౌన్సెలింగ్‌కి పేరు రాయించుకుంది. వచ్చే నెల మొదటి శనివారం వెళ్ళాలి. ఇక ఆమె మాటల్లోనే: "అన్నా, మొదటిరోజు అక్కడ ఏం చేస్తరు? పండబెట్టి నిద్రపుచ్చుతరా? షాకులు పెడ్తరా? మా నాయనకు చెప్తరా? నాకు సంబంధాలు చూస్తున్నరు. ఇది బయటపడితే ఇంక అంతే. సినిమావాళ్ళ సంగతులన్నీ రాస్తవు గదా, ఇది గూడ రాయరాదు."

సస్పెన్సు పెట్టకుండా ముందే చెప్పేస్తాను చెల్లెమ్మా. పండబెట్టరు. నిద్రపుచ్చరు. షాకులు పెట్టరు. మీ నాయనకు చెప్పరు. ఈ ఆఖరుదానికి మాత్రం కాస్త వివరం వుంది, తర్వాత చెప్తా. ఒక కుర్చీలో కూచోబెట్టి మాట్లాడిస్తారు. 'ఈ మాత్రం దానికి డబ్బులెందుకు' అంటావా? అక్కడే వుంది సంగతంతా.

నేనిదంతా పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మూడేళ్ళ కిందట ఒక ప్రెస్ షోలో లైట్లు ఆరగానే నా గుండె దడదడ కొట్టుకోవడం మొదలెట్టింది. చెమటలు, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిరి. ఇక పోతున్నాననుకుని బయటికి పరిగెత్తాను. లాబీలో పది నిముషాలు కూచుంటే అన్నీ సర్దుకున్నాయి. మరుసటి వారం మళ్ళీ అదే. ఆపై వారం టైటిల్స్ కూడా పడకుండానే లేచొచ్చేశాను. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, థైరాయిడ్ పరీక్ష చేశారు. "మీ గుండె భేషుగ్గా వుంది, ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళండి" అన్నారు గుండె డాక్టరుగారు. సినిమా చూడలేని సినిమా విలేఖరి! మిరపఘాటు పడని వంటవాడిని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా? నాకు నెల జీతం లేదు, రాసినదానికే డబ్బులు. చూడనిదాన్ని ఏం రాయను?

అయినా ఆ మాట వినగానే నాకు చిరాకేసింది. ఎందుకంటే కౌన్సెలింగ్ అనే మాటకు మన దగ్గర అర్థాలే వేరు. ఇంజనీరింగు సీట్లు పంచిపెట్టేదాన్నీ కౌన్సెలింగే అంటారు. పోలీసులు రౌడీషీటర్లను స్టేషనుకి పిలిచి గట్టిగా మందలించి పంపితే మర్నాడు పేపర్లో 'రౌడీషీటర్లకు కౌన్సెలింగ్'. తాగి బండి నడిపి దొరికినవాళ్ళకీ కౌన్సెలింగే, దానికి ఇంట్లోవాళ్ళు కూడా రావాలి. భార్యాభర్తలు పోట్లాడుకుంటే పెద్దమనుషులు చేసేదీ కౌన్సెలింగే. వెరసి మనకి కౌన్సెలింగ్ అంటే ఎవరో పెద్దాయన కూచోబెట్టి చీవాట్లు పెట్టడం, తల వంచుకుని మనం వినడం. అసలైన కౌన్సెలింగ్ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. మాట్లాడేది మనం, వినేది అవతలివారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదట నేను వెళ్ళినచోట అలా జరగలేదు. ఆ పెద్దమనిషి పేరు, ఊరు అనవసరం. నేను నాలుగు ముక్కలు చెప్పానో లేదో, "మీ వయసెంత? ముప్ఫై నాలుగా? పెళ్ళి చేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోను మాట్లాడాడు. ఈ మాట మా మేనమామ డబ్బులు పుచ్చుకోకుండానే చెప్తాడు కదా! అక్కడితో మానేద్దామనుకున్నాను. నెల్లాళ్ళయ్యాక ఒక మిత్రుడు, అసిస్టెంట్ డైరెక్టరు, ఇంకో చిరునామా ఇచ్చాడు.

అమీర్‌పేటలో రెండో అంతస్తు. కింద టిఫిన్ సెంటరు, చుట్టూ కంప్యూటర్ కోచింగుల బోర్డులు. ఆ మెట్లెక్కేవాడు జావా నేర్చుకోడానికి ఎక్కుతున్నాడో, మనసు విప్పుకోడానికి ఎక్కుతున్నాడో దేవుడికి కూడా తెలీదు. ఎవరైనా చూస్తారేమోనని భయపడేవాళ్ళకి అంతకన్న మంచి చోటు లేదు.

ముందు ఒక ఫారం ఇస్తారు. పేరు, వయసు, చదువు, ఉద్యోగం. ఏవైనా మందులు వాడుతున్నారా, ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా, మందు సిగరెట్ల అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ వుండేదా, అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి. ఇలా వుంటాయి. అన్నీ నింపితీరాలని లేదు. తోచనిది ఖాళీగా వదిలేసి లోపల నోటితో చెప్పొచ్చు. అత్యవసరం దగ్గర నాన్నగారి నంబరే ఇవ్వాలనీ లేదు చెల్లెమ్మా, మీ మేనత్త కూతురు నంబరు ఇయ్యి.

లోపల సోఫా లేదు. రెండు కుర్చీలు, చిన్న బల్ల, దాని మీద మంచినీళ్ళు, ఒక కాగితపు రుమాళ్ళ డబ్బా, గోడకి గడియారం. ఆ పడుకోబెట్టే సోఫా వియన్నాలో వుండిన ఫ్రాయిడ్ దొరగారిది. ఆయన రోగిని దానిమీద పడుకోబెట్టి, తాను కంటికి కనపడకుండా తలవైపు కూచునేవారట. ఆ సోఫా ఇప్పుడు లండన్‌లో ఆయన పేరిట వున్న మ్యూజియంలో వుంది. అక్కడినుంచి హాలీవుడ్డు, హాలీవుడ్డు నుంచి కోడంబాకం, కోడంబాకం నుంచి ఫిలింనగర్. సోఫా అలా ప్రయాణం చేసిందన్నమాట. మామూలు కౌన్సెలర్ల గదుల్లో ఎక్కువగా కనపడేవి కుర్చీలే.

ఆవిడ ముందుగా మాట్లాడింది గోప్యం గురించి. ఇది జాగ్రత్తగా చదువు. "మీరిక్కడ చెప్పేది ఈ గది దాటదు. మీ ఇంట్లోవాళ్ళు ఫోను చేసి అడిగినా మీ అనుమతి లేకుండా నేను చెప్పను. కానీ మూడు సందర్భాల్లో చెప్పాల్సి వస్తుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో అపాయం వుందని నాకు తోస్తే. చిన్నపిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే. కోర్టు ఉత్తర్వు ఇస్తే." ఇంత స్పష్టంగా చెప్పేసింది. రెండోది చట్టం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకి చెప్పితీరాలి. ఇక మన సంగతి మన దగ్గరే వుండాలనేదానికి కూడా చట్టం వుంది. 2017లో చేసి 2018 నుంచి అమలుచేసిన మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ ఇదే చెప్తుంది. రోగి వివరాలు గోప్యంగా వుంచడం రోగి హక్కు, వైద్యుడి దయ కాదు. నీకు పద్దెనిమిదేళ్ళు ఎప్పుడో దాటాయి గనక నాయనకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఒకవేళ మీ కౌన్సెలర్ ఈ ప్రస్తావన తేకపోతే నువ్వే అడుగు. "నేను చెప్పేది ఎవరెవరికి తెలుస్తుంది?" అని అడగడం తప్పేం కాదు. ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలేవాళ్ళ దగ్గర కూచోనక్కర్లేదు.

తర్వాత ఆవిడ "చెప్పండి, ఏం సంగతి?" అంది. అంతే. నేను మూడు రోజులుగా మనసులో రాసుకున్న డైలాగులన్నీ ఎగిరిపోయాయి.

ఇక్కడొక చిక్కుంది. మన భాషలో ఇలాంటివి చెప్పుకోవడం మనకి అలవాటు లేదు. మనసు బాగాలేదని చెప్పడానికి మనం మనసు ఊసే ఎత్తం. 'తల బరువుగా వుంది' అంటాం, 'గుండెల్లో దడ', 'కడుపులో దేవినట్టుంది', 'ఒళ్ళంతా అదోలా వుంది' అంటాం. ఇంగ్లీషులో చదువుకున్న కౌన్సెలర్ దగ్గర ఆ ఇంగ్లీషు మాటలు మనకి రావే అని బెంగపడక్కర్లేదు. 'ఏదోలా వుంది' అని మొదలుపెట్టినా చాలు. అవతలివారు మంచి పనివాళ్ళయితే "ఏదోలా అంటే ఎలా? ఎక్కడ? ఎప్పుడెప్పుడు?" అని మెల్లిగా లాగుతారు. తెలుగులో మాట్లాడేవారే కావాలని పేరు రాయించేటప్పుడే అడగొచ్చు. జగిత్యాల మాటలోనే చెప్పు, పుస్తకాల భాషలోకి మార్చుకోకు.

నేను గుండెదడ సంగతి చెప్పాను. ఎక్కడ వస్తుంది, ఎంతసేపు వుంటుంది, ఆ పూట టీ ఎన్నిసార్లు తాగాను, రాత్రి ఎన్నింటికి పడుకున్నాను, దడ వచ్చాక ఏం చేస్తాను. అన్నీ ప్రశ్నలే. పోలీసు ప్రశ్నల్లా కాదు, బట్టలు కుట్టే మేస్త్రీ కొలతలు తీసుకున్నట్టు. మధ్యలో ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఉలిక్కిపడ్డాను. "ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా?" అంది, మంచినీళ్ళు తాగుతారా అన్నంత మామూలుగా.

నీతో కూడా ఈ ప్రశ్న వేస్తారు. భయపడకు. నీమీద అనుమానంతో కాదు, అందరినీ అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తుందని మనవాళ్ళ భయం. పరిశోధనలు చేసినవాళ్ళు అలా పుట్టదనే తేల్చారు. అలాంటి తలంపు వుంటే ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. చెప్పగానే తలుపులేసి ఆసుపత్రిలో పడేస్తారనుకోకు. తలంపు వేరు, తలపెట్టడం వేరు, ఆ తేడా వాళ్ళకి తెలుసు. ముందు ఇంకొన్ని ప్రశ్నలడిగి, ఎంత తోడు కావాలో చూస్తారు. నేను ఆ రోజు "లేదు, కానీ ఇలాగే బతకాలంటే విసుగేస్తోంది" అన్నాను. ఆ ముక్క అప్పటిదాకా నేను మా అమ్మతోనూ అనలేదు, నాతో నేనూ అనుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు. గడియారం చప్పుడు వినపడింది. సినిమాల్లో అయితే ఆ చోట వీణ వాయిస్తారు. అక్కడ అలాంటిదేం లేదు, ఎవరూ తొందరపెట్టని ఒక నిముషం, అంతే. కాగితపు రుమాళ్ళ డబ్బా ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

యాభై నిముషాలకి ఆవిడ "ఇవాళ్టికి ఆపుదాం" అంది. నాకు అన్యాయం అనిపించింది. మరి మందేది? సలహా ఏది? ఇంతసేపూ చెప్పించుకుని ఉత్త చేతులతో పంపిస్తుందా? మన పరిశ్రమలో కథా చర్చలకి కూచున్న నిర్మాత మొదటి సిట్టింగులోనే క్లైమాక్సు చెప్పమని కూచుంటాడు చూడండి, సరిగ్గా అలా. కథలు రాసేవాళ్ళని అడగండి, మొదటి సిట్టింగులో తేలేది కథ కాదు, ఈ ఇద్దరికీ పొసుగుతుందా లేదా అన్నది. ఇదీ అంతే. నాకు చేతికిచ్చిన పనల్లా ఒకటే. దడ వచ్చినప్పుడల్లా టైము, చోటు, ఆ క్షణాన తలలో తిరిగిన మాట ఒక చిన్న పుస్తకంలో రాసుకు రమ్మంది. కొందరు అది కూడా ఇవ్వరు.

ఇంకోటి. బయటికొచ్చాక తేలిగ్గా వుంటుందని అందరూ చెప్తారు. నాకు లేదు. ఇల్లంతా బూజు దులిపినట్టు అలిసిపోయాను, ఆ సాయంత్రం ఇంకా బరువుగా వుంది. అలా వుండటం మామూలేనట. అందుకని శనివారం అక్కడినుంచి నేరుగా పెళ్ళిచూపులకో పేరంటానికో పోయే పని పెట్టుకోకు. మేనత్త కూతురితో ఓ కప్పు చాయ్ తాగి, బస్సెక్కి ఇంటికిపో.

ఇక మన వెండితెర డాక్టర్ల దగ్గరకొద్దాం, లేకపోతే ఈ పత్రికలో ఈ వ్యాసమేమిటని ఎడిటరుగారు అడుగుతారు. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. 'దీప్ జ్వెలె జాయ్' అనే బెంగాలీ చిత్రం ఆధారంగా తీసింది. అందులో నర్సు సావిత్రి. వైద్యంలో భాగంగా రోగిని ప్రేమించినట్టు నటించాలి. నటిస్తూ నటిస్తూ నిజంగానే ప్రేమించి, చివరికి తనకే మతి చలిస్తుంది. సావిత్రి నటన సంగతి నేను చెప్పాలా! కానీ వైద్యంగా చూస్తే అంతకన్న ప్రమాదం ఇంకోటి లేదు. కౌన్సెలర్ నీకు అక్క కాదు, చెల్లి కాదు, ప్రేయసి కాదు, కాకూడదు. 2005లో ఒక్క ఏడాదిలోనే రెండు డబ్బింగు చిత్రాలు మనసు డాక్టర్లతో తెలుగునాట దుమ్ము రేపాయి. 'చంద్రముఖి'లో రజనీకాంత్ డాక్టరో డిటెక్టివో తెలీదు, బొమ్మను తగలబెట్టించి జబ్బు కుదిర్చేస్తాడు. 'అపరిచితుడు'లో నాజర్ నిద్రపుచ్చి లోపలి మనుషుల్ని ఒక్కొక్కరినీ పిలుస్తాడు. రెండూ నేను ఈలలేసి చూసినవే. ఆ రెండింటినీ చూసి కౌన్సెలింగ్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకుంటే మాత్రం 'మాయాబజార్' చూసి వంట నేర్చుకున్నట్టుంటుంది.

కాస్త దగ్గరికొచ్చింది 2016 నాటి హిందీ చిత్రం 'డియర్ జిందగీ'. గౌరీ షిండే తీసింది. ఆలియా భట్ నిద్రపట్టని కెమెరా అమ్మాయి, షారుఖ్ ఖాన్ కౌన్సెలింగ్ డాక్టరు. ఇద్దరూ గోవా సముద్రపొడ్డున తిరుగుతూ అలలతో కబడ్డీ ఆడతారు. నీ శనివారం అలా వుండదు, కరీంనగర్‌లో సముద్రం లేదు. కానీ అందులో రెండు సంగతులు నిజం. కష్టం చెప్పుకోడానికి వెర్రెక్కిపోయేదాకా ఆగక్కర్లేదని. డాక్టరు మీద ఆ అమ్మాయికి మనసు పుడితే ఆయన దాన్ని పెంచుకోకుండా మర్యాదగా అక్కడితో ఆపుతాడని. అంతకు ముందు ఏడాదే, 2015లో, దీపికా పడుకోన్ తనకి డిప్రెషన్ వచ్చిందనీ చికిత్స చేయించుకున్నాననీ బాహాటంగా చెప్పింది. తర్వాత ఆమె సినిమాలు ఆగాయా? పెళ్ళి ఆగిందా?

షాకు సంగతి కూడా చెప్పి వదిలేస్తా. సినిమాల్లో చూపించినట్టు మనిషి మెలకువగా వుండగా కాళ్ళూ చేతులూ కట్టేసి షాకు పెట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా ఇవ్వకూడదు. అదికూడా కొన్ని గట్టి జబ్బులకి ఆసుపత్రిలో సైకియాట్రిస్టులు చేసే పని. కౌన్సెలర్ గదిలో వున్న కరెంటల్లా ఫ్యానుకే.

అన్నట్టు, ఎవరెవరో తెలుసుకుని వెళ్ళడం మంచిది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతోనూ పరీక్షలతోనూ వైద్యం చేస్తారు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషను వుండాలి. ఉత్త కౌన్సెలర్ బోర్డు మాత్రం మూణ్ణెల్ల సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్ళూ కట్టేస్తున్నారు. ఏం చదివారని అడుగు, నొచ్చుకోరు. నొచ్చుకుంటే లేచి రా. నీకు నిద్ర, ఆకలి రెండూ పోయి ఎనిమిది నెలలైంది కాబట్టి సైకియాట్రిస్టుకి కూడా ఒకసారి చూపించమనవచ్చు. కంగారుపడకు, కౌన్సెలర్ చేతకాక పంపడం కాదది.

డబ్బు సంగతి. నేను గంటకి వెయ్యి ఇచ్చాను. నాకది రెండు వ్యాసాల పారితోషికం. అంత ఇచ్చుకోలేనివాళ్ళకి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు అనగానే నవ్వేసే అలవాటు మన కామెడీ ట్రాకుల వల్ల వచ్చింది గానీ, అక్కడ ఓపీకి వెళ్ళి చూపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేసేవాళ్ళు బోలెడుమంది. ఇక 14416 అనే నంబరొకటుంది. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలెట్టింది. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. శనివారం దాకా ఆగలేనంత బరువుగా వున్న రాత్రి వస్తే ఆ నంబరు తిప్పు.

నా సంగతి అడుగుతారేమో. ఎనిమిది సిట్టింగులు పట్టింది. మొదట లైట్లున్న హాల్లో ఊరికే కూచోవడం, తర్వాత ఒక పాట అయ్యేదాకా, తర్వాత ఇంటర్వెల్ దాకా. ఇప్పుడు మూడు గంటల చిత్రం కూడా ఆసాంతం చూస్తున్నాను, అది చూడదగ్గదైనా కాకపోయినా. మూల సీటు మాత్రం వదల్లేదు. దడ ఎప్పుడైనా తొంగిచూస్తుంది. చూసి పోతుంది.

చెల్లెమ్మా, ఉత్తరం అడుగున నువ్వు సిగ్గుపడుతూ ఇంకో ప్రశ్న రాశావు: డాక్టరుగారు షారుఖ్ ఖాన్‌లా వుంటారా అని. కరీంనగర్‌లో ఎలాంటివారున్నారో నాకు తెలీదు. నాకు దొరికినావిడ మాత్రం అచ్చం మా వీధిలో ఎల్.ఐ.సి. పాలసీలు కట్టించుకునే సుబ్బలక్ష్మిగారిలా వుంది. చేతిసంచీ కూడా అదే.